ఇవాళ సెట్టుని నమ్మొద్దు

మొన్న పలాసలో బ్యాటరీలు కొంటుంటే ఫోనొచ్చింది. టెక్కలిలో వాళ్లింట్లో మాస్టారు నిద్రలోనే పోయారట. ఏడుపు కంటే ముందు నాకు భయమేసిందండీ. మా బావ పడవకి వెళ్లొచ్చో లేదో ఇక ఎవరు చెబుతారని.

మాస్టారంటే బడి మాస్టారు కాదు. ఉద్దానం తీరంలో జీడితోట పక్కన రేకుల గదిలో ఉన్న లేజర్ యంత్రాన్ని చూసుకునే మనిషి. పక్కనే నా కొట్టు. పడవలకి వైర్‌లెస్ సెట్లు అమ్ముతాను. సాయంత్రమయ్యేసరికి ఆ గదిలోంచి పచ్చటి వెలుగు గీతలా పైకి పోయేది. తిరిగొచ్చిన వెలుగుని బట్టి ఎంత ఎత్తులో గాలి తడిగా ఉందో, ఎక్కడ పొడిగా ఉందో ఆయన చూసుకునేవారు. నాకర్థం కావాలని వేడి టీ గ్లాసు మీద సాసరు బోర్లించేవారు.

"తడిగాలి మీద వేడిగాలి ఇలా మూతేస్తే రేడియో మాట పైకి పోలేదు బాబూ. సముద్రం మీదే పాక్కుంటూ ఎక్కడిదో ఇక్కడికొచ్చేస్తుంది."

నేను తలూపేవాణ్ణి. ఎక్కిందేమీ లేదు.

ఒక ఎండాకాలం పొద్దున సెట్టులో బెంగాలీ మాటలు ఖంగుమని వినిపించాయి. వేటకెళ్తూ మా అక్క మొగుడు ఆగాడు.

"ఏరా బామ్మర్దీ, సెట్టెలాగుందేటి?"

"కలకత్తా దాకా ఇనపడతంది బావా. బేగి ఎల్లు."

"అమ్ముకునేవోడివి, నువ్వలాగే అంతావు," అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

కాసేపటికి మాస్టారొచ్చారు. ఆ మాటలు వింటూనే టీ పక్కన పెట్టేశారు.

"మూత పడింది బాబూ. ఆ దూరపు గొంతు మన పడవ గొంతుని మింగేస్తుంది. వాళ్లు పిలిచినా నీకు వినబడదు. ఎవరైనా వెళ్లారా?"

బావ వెళ్లాడని చెప్పాను. వెళ్లమన్నది నేనే.

సాయంత్రం దాకా పిలుస్తూనే ఉన్నాను. ఎవరో తెలియనివాళ్ల మాటలే వచ్చాయి. మాస్టారు నా మణికట్టు పట్టుకుని కూర్చున్నారు. ఆయన చెయ్యి చల్లగా ఉంది. "నాకూ భయంగానే ఉంది. నువ్వు పిలుస్తూ ఉండు," అన్నారు.

పొద్దుగూకే వేళకి ఇంకో పడవ బావ పడవని తాడు కట్టి లాక్కొచ్చింది. ఇంజను ఆగిపోయిందట.

"పొద్దుట్నుంచీ పిలుత్తన్నాన్రా. సెవుల్లో ఏటెట్టుకున్నావు?" అన్నాడు బావ. మాస్టారు నీళ్లలోకి దిగి పడవకి చెయ్యేశారు.

మర్నాటి నుంచీ నా కొట్టు తలుపు చెక్క మీద రోజూ సుద్దతో రాసేవారు. 'ఇవాళ సెట్టు బాగుంది', లేకపోతే 'ఇవాళ సెట్టుని నమ్మొద్దు, ఒడ్డు కనబడేంత దూరమే'. పడవలవాళ్లు అది చదివే బయల్దేరేవారు. "తెలియని రోజు తెలీదనే రాయాలి బాబూ. సిగ్గుపడకూడదు," అనేవారు.

ఇప్పుడు రేకుల గదికి తాళం. చెక్క మీద ఆయన రాసిన చివరి మాట 'ఇవాళ సెట్టు బాగుంది' అలాగే ఉండిపోయింది. తుడవడానికి చేతులు రాలేదు.

ఇవాళ పొద్దున బావ వచ్చి దాని ముందు నిలబడ్డాడు.

"ఇది ఏ రోజుదిరా?"

సెట్టు పెట్టాను. గుయ్‌మనే చప్పుడు తప్ప ఏమీ లేదు. పైన మూత పడిందో లేదో నాకు అంతుపట్టలేదు. మాస్టారి అక్షరాలు అరచేత్తో తుడిచి, ఆ చోటే 'తెలీదు' అని రాశాను. బావ చదివాడు. లంగరు తాడు చేతిలో పట్టుకుని, సముద్రంకేసి చూస్తూ అలాగే ఉండిపోయాడు.