ఫోను మీద పెట్టిన చెయ్యి

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు గోరంతను కొండంత చేసి చెప్పే జబ్బుంది; నేను చెప్పినదాన్ని నాలుగుతో భాగిస్తే నిజం వస్తుందని మా ఇంటావిడ పెళ్ళయిన మొదటి నెలలోనే తేల్చేసింది. మీరూ అలాగే భాగించుకుంటూ చదవండి. అసలు అబద్ధమేదో చివర్లో నేనే చెప్పేస్తాను.

మొన్న శుక్రవారం షార్జాలో రోలా బస్‌స్టాపు దగ్గర ఒక ఫిలిప్పీనో ముసలావిడ టాక్సీ దిగింది. ఆమె కోసం ఎదురుచూస్తున్న నర్సు దుస్తుల్లోని అమ్మాయి వంగి, ఆవిడ చెయ్యి అందుకుని తన నుదుటికి ఆనించుకుంది. రెండు క్షణాల పని, అంతే. నేనెక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది, దాని వెనకదీ వెళ్ళిపోయింది (పది బస్సులని రాయబోయి తగ్గించుకున్నాను), నేను మాత్రం కరోనా ఏడాదిలోకి, ఈ వీధిలోనే నాలుగో అంతస్తులో ఉన్న మా గదిలోకి, అందులోని కుయా దగ్గరికి వెళ్ళిపోయాను.

కుయా అంటే ఫిలిప్పీనోల భాషలో అన్న. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, కింద వీధిలో ఒక దుకాణంలో దర్జీ. ప్లైవుడ్డు చెక్కలతో అరలు చేసిన ఆ గదిలో, ఒకడు పక్కకి తిరిగితే మిగతావాళ్ళంతా సర్దుకోవలసినంత ఇరుగ్గా ఎనిమిదిమందిమి ఉండేవాళ్ళం. విమానాలు ఆగిపోకముందే ఆరుగురు ఊళ్ళకు పోయారు, మేమిద్దరం మిగిలాం. నేను స్టోర్‌కీపర్ని, ఫోను చేసేదాకా గది కదలొద్దని ముదీర్, అంటే మా మేనేజరు, హుకుం. కుయా దుకాణానికీ తాళం. వీధి ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, ఎదురు మేడలో ఎవరో ఉల్లిపాయ తరిగితే ఆ చప్పుడుకే నాకు కళ్ళనీళ్ళొచ్చేవి.

వాళ్ళ ఊళ్ళో అనాస ఆకుల నుంచి నార తీసి, దోమతెరంత పల్చటి బట్ట నేసి, దాంతో కుట్టిన పెళ్ళికొడుకుల చొక్కాల మీద దారంతో పువ్వులు పూయిస్తారట. ఆ పని తల్లి దగ్గర నేర్చుకున్న మనిషి ఇక్కడికొచ్చి పాతికేళ్ళూ ప్యాంట్ల అంచులు మడిచాడు. పనిలేని ఆ రోజుల్లో పెట్టె అడుగు నుంచి అలాంటి బట్ట ముక్కొకటి తీసి, లోపల నూలు గుడ్డ వేసి, మన మల్లెల్లాంటి పువ్వులు కుట్టి నాకొక మాస్కు చేసిచ్చాడు. అది కట్టుకుని పాలకు వెళితే షార్జాలోని తేనెటీగలన్నీ నా వెంటపడ్డాయి.

రోజూ సాయంత్రం ఆయన కూతురు వీడియోలో వచ్చేది. మాటలయ్యాక తెరనిండా ఆ పిల్ల నుదురే కనిపించేది. కుయా తన చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకభాగం ఫోనుకు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. పాలదుకాణం గుమ్మంలో కూడా నుదుటికి జ్వరం మిషను గురిపెట్టే రోజులవి. ఇంకేముంది, పిల్లకు జ్వరం, తండ్రి ఇక్కణ్ణుంచే చూస్తున్నాడనుకున్నాను. నాలుగు రోజులు ఓపికపట్టి, ఐదోనాడు నా పనడాల్ జ్వరం మాత్రల అట్ట ఆయన చేతిలో పెట్టి, పాపకు తగ్గిందా అని అడిగాను. ఆయన అట్టకేసి, నాకేసి చూసి, మంచం మీద దొర్లి దొర్లి నవ్వి, నవ్వు చివర్లో కళ్ళు తుడుచుకున్నాడు.

“ఫీవర్ నహీ, భాయ్. బచ్చీ రెస్పెక్ట్ దేతా. హమ్ బ్లెస్సింగ్ దేతా.”

పెద్దల చెయ్యి నుదుటికి ఆనించుకుని దీవెన అందుకోవడం వాళ్ళ ఆచారమట, మానో అంటారట. ఆయన చెయ్యి నిజంగా ఆ నుదుటిని తాకింది సెలవులకు వెళ్ళినప్పుడే, వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని సార్లు.

నేను ఊరుకుంటానా, మర్నాడే నెల్లూరుకు వీడియో కాల్ చేసి, నా చెయ్యీ తెరకు ఆనించాను.

“ఏంది నాయనా, చెయ్యి అడ్డం పెట్టావు? ఏం కనపడ్లా!” అంది మా అమ్మాయి.

“ఫోను తర్వాత తుడుచుకోమను గానీ, అన్నం తిన్నాడేమో అడగవే ముందు,” అని వెనకనుంచి మా ఇంటావిడ.

తిన్నానన్నాను. ఫోను పెట్టేశాక చూసుకుంటే, నన్ను ఒక మనిషి తాకి మూడు నెలలు దాటింది. దీన్ని మాత్రం నాలుగుతో భాగించకండి.

ఎండలు ముదిరాక కుయా దుకాణం ఖలాస్ అన్నారు, ఆయనకు ఇంటికిపోయే విమానంలో చోటు దొరికింది. బయల్దేరేముందు గుమ్మంలో, చెప్పుల స్టాండు పక్కన నిలబడి నాకు చెయ్యి చాచాడు. నేను వంగి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాను. సూది పోట్లకు గరుకెక్కిన వేళ్ళు. లిఫ్టు మూడుసార్లు వచ్చి పోయింది, నేను వదల్లేదు.

ఇప్పుడు గదిలో మళ్ళీ ఎనిమిదిమందిమి. బస్సులో జనం ఒకరి భుజం మీద ఒకరు కునుకు తీస్తున్నారు, ఎవరూ ఎవరికీ దూరం జరగడం లేదు. ఆ భయమంతా ఎటుపోయిందో తెలియదు. కుయా ఇక్కడి నంబరు ఆగిపోయింది, ఊరి నంబరు అడగాలని నాకు తోచలేదు.

సరే, మాటిచ్చాను గదా. నా వెంటపడింది ఒక్క తేనెటీగ, అదీ తేనెటీగో ఈగో చెప్పలేను. పనడాల్ అట్ట అక్షరాలా నిజం. అబద్ధమంతా గుమ్మం దగ్గరే ఉంది. ఆయన చెయ్యి చాచిన మాట నిజమే. ఆ పొద్దున ఆయన రెండుసార్లు దగ్గాడు. నేను రెండడుగులు వెనక్కి వేసి, దూరం నుంచే నమస్కారం పెట్టి, ఇక బయల్దేరమన్నట్టు యల్లా కుయా అన్నాను. ఆ చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉండి, తర్వాత మెల్లగా పెట్టె పిడి అందుకుంది.