కప్పులు కడిగిన వీధి

కాలువ పక్క వీధిలో ఆవిడ అసలు పేరు అత్తగారికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ దోమలక్కే. వరదలకూ జ్వరాలకూ ఉన్న లంకె ఏమిటో పరిశోధించే ఆఫీసులో ఆవిడది ఇంటింటికీ తిరిగి చెప్పే ఉద్యోగం. తొట్టి నీళ్ళు పారబోయండి, పాత టైరు తీసేయండి, డ్రమ్ముకి మూత పెట్టండి అని వీధి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

జీతం కోసమే ఇంత పోరనుకుంటే పొరపాటు. కిందటేడు వరద తీశాక అత్తగారు డెంగ్యూతో ఆస్పత్రి పాలైంది. ఆ మంచం పక్కన కూర్చున్నన్నాళ్ళూ కోడలికి ముద్ద దిగలేదు. ఈసారి వానలు ముదరక ముందే వీధిలో దోమలు ఎక్కడ పుడుతున్నాయో తేల్చాలని పట్టుపట్టింది.

అందుకే ఆఫీసులో డాక్టరమ్మ ఇచ్చిన నల్ల కప్పులు ఇంటింటా పెట్టింది. కప్పులో కాసిని నీళ్ళు, అంచుకు ఒక తెల్లగుడ్డ ముక్క. దోమ ఆ గుడ్డ మీద గుడ్లు పెడుతుంది. ఎవరింటి గుడ్డ మీద ఎక్కువ గుడ్లుంటే ఆ చుట్టుపక్కలే దోమల పుట్టిల్లు.

వారం తర్వాత మొదటి గుమ్మంలో కప్పు తళతళా మెరుస్తూ బోర్లించి ఉంది. రెండో గుమ్మంలోనూ అంతే. మూడో ఇల్లాలు గుడ్డముక్కను ఉతికి, ఇస్త్రీ చేసి మరీ చేతిలో పెట్టింది.

"నీళ్ళు ఎందుకు పారబోశారు పిన్నీ?"

"నిలవ నీళ్ళు ఉంచొద్దని నువ్వేగా చెప్పావు. పైగా మీ అత్తగారు నిన్న వీధంతా తిరిగి, రేపు మా కోడలు చూడ్డానికొస్తుంది, కప్పులు శుభ్రంగా ఉంచి దాని పరువు నిలబెట్టండి అని చెప్పి వెళ్ళారు."

దోమలక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంత ముచ్చటపడిన మనిషి మీద కోపం ఎలా తెచ్చుకుంటుంది?

మిగతా ఇళ్ళలోనూ ఇదే వరస. ఇక మిగిలింది చివరింటి టైలరు. ఆవిడ మాట ఏనాడూ చెవిన పెట్టని పెద్దమనిషి.

"మాస్టారూ, మీ కప్పు కడిగారా?"

"నాకేం పని లేదనుకున్నావా? నువ్వు పెట్టినచోటే ఏడుస్తోంది, చూసుకో."

గుడ్డ నిండా మిరియాల పొడి చల్లినట్టు గుడ్లు. దోమలక్కకు ప్రాణం లేచొచ్చింది.

"చల్లగా ఉండండి మాస్టారూ. నా మాట విననిది మీరొక్కరే."

ఇది పొగడ్తో తిట్టో తేలక టైలరు కత్తెర పక్కన పెట్టి ఆవిడ వెంట నడిచాడు. అతని పెరటి గోడ అవతల, కిందటి వరదకు కొట్టుకొచ్చిన ఫ్రిజ్ ఒకటి తలుపు ఊడి వెల్లకిలా పడి ఉంది. ఎవరిదీ కాదు కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. మొన్నటి చిన్న వానకే నిండింది. లోపల దోమపిల్లలు కుప్పలు తెప్పలుగా గిలగిలలాడుతున్నాయి. వీధివాళ్ళు నీళ్ళు ఒంపేసి, తలా ఒక చెయ్యేసి, సాయంత్రానికల్లా ఫ్రిజ్‌ను పాతసామాను బండెక్కించారు. అందరికంటే పెద్దగా అరిచి పని చేయించింది టైలరే.

సంగతి తెలిసి అత్తగారు నాలుక కరుచుకుంది. కొత్తగా పెట్టిన కప్పులకు ఆవిడే కాపలా. ఎవరు దగ్గరికెళ్ళినా, "ముట్టుకున్నారో, మర్యాదగా ఉండదు," అనేది.

ఆ తర్వాత వరద రానే వచ్చింది, మోకాలి లోతున నిలిచి, కొన్నాళ్ళకు తీసింది. దోమలక్క మళ్ళీ ఇంటింటికీ తిరిగింది, ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడిందా అని అడుగుతూ. రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపింది. కిందటేడు వరద తీశాక ఎన్నాళ్ళకు అత్తగారు మంచం పట్టిందో, అన్నాళ్ళూ దాటిపోయాయి.

అప్పుడు డాక్టరమ్మ ఫోన్ చేసింది. వీధిలో ఎవరికైనా జ్వరం వచ్చిందా అని అడిగింది. కోడలు ఫోను అత్తగారికి ఇచ్చేసింది.

"మా వీధిలో ఎవరికీ జ్వరం లేదమ్మా," అంది అత్తగారు. "నేను కూడా గుండ్రాయిలా ఉన్నాను. మా కోడలా? ఇదిగో, నా పక్కనే కూర్చుని సంతోషం పట్టలేక ఏడుస్తోంది."