కొడుకును పట్టుకున్నామన్న ఫోన్

2023 వానాకాలం. నల్గొండ దగ్గర, పానగల్ వైపు ఒక ఊళ్లో హైస్కూల్. నేను అక్కడ సోషల్ టీచర్‌ని. శనివారం చివరి పీరియడ్ కూడా నాదే. టైంటేబుల్‌లో దాని పేరు ‘లైఫ్ స్కిల్స్’, అంటే రోజూ బతుకులో అక్కరకొచ్చే పనులు. బ్యాంకు చీటీ నింపడం, వడ్డీ లెక్క కట్టడం, గ్యాస్ వాసన వస్తే ఏం చేయాలో తెలుసుకోవడం, ఇట్లాంటివి. మార్కులు లేవు కాబట్టి మొదట్లో పిల్లలు దాన్ని ఆటల పీరియడ్‌ కిందే లెక్కేశారు. ఒక పిల్లవాని తండ్రి బడికే వచ్చి, “గివన్నీ మేం నేర్పుకుంటం గని, లెక్కలు జర మంచిగ చెప్పుండ్రి మేడం” అన్నాడు.

పిల్లలకు అన్నిటికంటే ఇష్టం ‘మాక్ కాల్’. అంటే ఉత్తుత్తి ఫోన్. నేను స్టాఫ్‌రూంలో కూచుని మోసగాడిలా ఫోన్ చేస్తాను. తరగతిలో ఒకరు స్పీకర్ పెట్టి జవాబు చెప్పాలి. “మీ ఖాతా బంద్ అయింది, ఓటీపీ చెప్పండి” అంటాను. ఇంట్లోవాళ్ల పేరు చెప్పి డబ్బు అడిగితే, ఇంటివాళ్లకు మాత్రమే తెలిసిన మాట ఒకటి అడగాలని నేర్పాను. తొమ్మిదో తరగతి శిరీష ఈ ఆటలో గట్టిది. నా బెదిరింపులకు ఆమె చెప్పే జవాబులు విని నేనే నవ్వు ఆపుకోలేక ఫోన్ పెట్టేసేదాన్ని.

శిరీష ఇల్లు బడి వెనక గల్లీలోనే. మధ్యాహ్నం అన్నం తిని, ఇంటికి పోయి కోళ్లకు నీళ్లు పెట్టి వచ్చేది. ఒకరోజు అట్లా పోయిన పిల్ల ఐదు నిమిషాల్లోనే చెప్పులు కూడా లేకుండా స్టాఫ్‌రూంలోకి ఉరికొచ్చింది.

“మేడం, జల్ది రాండ్రి. మా అమ్మకు ఫోన్ వచ్చింది. మా అన్నను పోలీసులు పట్టుకున్నరంట. పైసలు పంపకుంటే జైలుకు తోలుతరంట. నేను చెప్తె ఇంటలేదు. నన్ను నూకేసి బస్టాండ్ దిక్కు పోయింది.”

వాళ్లన్న నవీన్ మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తండ్రి చేను కాడ ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్, అది తల్లి ఎల్లమ్మ చేతిలో ఉంది. బర్రెను కొనడానికి మహిళా సంఘంలో తీసుకున్న లోన్ ఆ వారమే ఆమె ఖాతాలో పడింది.

దారిలోనే శిరీష అన్న నంబర్ చెప్పింది, నేను కలిపాను. స్విచాఫ్. నిజంగానే ఆ పిల్లవాడు ఏదైనా ఆపదలో ఉంటే? మోసమని నేను అడ్డం పడి, రేపు వాడికేమైనా అయితే?

బస్టాండ్ దగ్గర వేలిముద్ర వేస్తే డబ్బిచ్చే దుకాణం ఒకటుంది. అక్కడి నుంచే వేరే ఖాతాలకు కూడా పంపుతారు. ఎల్లమ్మ అక్కడ నిలబడి ఉంది. ఫోన్ చెవికి అదుముకుని, రెండో చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నేను దగ్గరకు పోగానే చేత్తో ‘వద్దు వద్దు’ అన్నట్టు సైగ చేసింది.

“ఎవరితోని మాట్లాడొద్దన్నరు మేడం. ఫోన్ కట్ చేస్తె కొడతరంట. నా కొడుకు ఏడుస్తున్నడు, నేను ఇన్న.”

ఇది మోసం అని చెప్తే ఆమె వినదని మొహం చూడగానే అర్థమైంది. మెల్లగా ఆమె భుజం పట్టుకున్నాను. “పంపుదాం ఎల్లమ్మా. నేను ఆపను. పంపేముందు కొడుకుతోని ఒక్క మాట అడుగు. చెల్లెను ఇంట్ల ఏమని పిలుస్తడో అడుగు.”

శిరీష తల్లి చెయ్యి పట్టుకుంది. “అడుగమ్మా. ఒక్కసారి అడుగు.”

ఎల్లమ్మ స్పీకర్ పెట్టింది. “సారూ, మావోనికి ఒక్కసారి ఇయ్యుండ్రి. బిడ్డా, చెల్లెను ఏమని పిలుస్తవు రా?”

అవతల నుంచి ఒక ఏడుపు గొంతు, “అమ్మా, నన్ను కాపాడమ్మా” అంది. ఎల్లమ్మ మళ్లీ అడిగింది. ఈసారి పోలీసునని చెప్పినవాడు గట్టిగా అందుకున్నాడు. “ఏంటి డ్రామాలాడుతున్నారా? ఐదు నిమిషాల్లో డబ్బు రాకపోతే కేసు రాసేస్తాం!”

“కోడిపిల్ల అంటడు,” అంది శిరీష మెల్లగా. “మా అన్న నన్ను ఎన్నడు పేరుతోని పిలువడు.”

ఎల్లమ్మ ఫోన్ వంక చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. “వాడు నా కొడుకు కాదు,” అని ఫోన్ కట్ చేసింది. అది వెంటనే మళ్లీ మోగింది. దుకాణం అతను తీసుకుని ఆ నంబర్‌ను బ్లాక్ చేశాడు.

డబ్బు ఖాతాలోనే ఉంది. కానీ ఎల్లమ్మ అక్కడి బెంచీ మీద నుంచి లేవలేదు. “మరి నా కొడుకు ఏడున్నడు? ఫోన్ ఎందుకు కలుస్తలేదు?” అంటుంటే నవీన్ నంబర్‌ను మళ్లీ మళ్లీ కలిపాను. హెడ్మాస్టర్‌కు ఫోన్ చేసి చెప్పి, నేనూ అక్కడే కూచున్నాను. దుకాణం అతను తెచ్చిన చాయ్ ముగ్గురి ముందూ చల్లారిపోయింది.

రెండు దాటాక నా ఫోన్ మోగింది.

“ఎవరండీ? ఈ నంబర్ నుంచి శాన మిస్డ్ కాల్స్ ఉన్నయి.”

“నవీనా! నేను శిరీష వాళ్ల టీచర్‌ని. నువ్వు ఎక్కడున్నవ్ నాయినా?”

“ఇప్పుడే డ్యూటీ దిగిన మేడం. లోపలికి ఫోన్లు రానీయరు, గేటు కాడ బంద్ చేసి పెట్టి పోతం. ఏమైంది? కోడిపిల్ల మంచిగుందా?”

ఎల్లమ్మ నా చేతిలోంచి ఫోన్ గుంజుకుంది. “తిన్నవా బిడ్డా?” అంది. శిరీష నవ్వుతూనే ఏడ్చింది. మా అమ్మ గొంతు వినాలనిపించి ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను.

మర్నాడు వాళ్లను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాయించాం. తర్వాత ఎల్లమ్మ నాతో ఒక మాట అంది. “గిట్ల మోసాలు జరుగుతయని నాకు ఎర్కే మేడం. సంఘంల శానసార్లు చెప్పిండ్రు. ఆ ఏడుపు ఇన్నంక ఏదీ యాదికి రాలే.”

ఆ మాట నా పాఠాన్ని మార్చేసింది. అప్పటిదాకా నేను మోసగాడికి ఏం జవాబివ్వాలో నేర్పేదాన్ని. భయం పట్టిన మనిషికి జవాబులు గుర్తుండవు. శిరీష ఆ రోజు గెలిచింది తెలివైన జవాబు చెప్పి కాదు. అమ్మ వినడం లేదని తెలియగానే, ఒక్కతే వాదిస్తూ నిలబడకుండా ఇంకో మనిషి కోసం ఉరికింది.

ఇప్పుడు లైఫ్ స్కిల్స్ పీరియడ్‌లో మాక్ కాల్ కంటే ముందు ప్రతి పిల్లనూ, పిల్లవాడినీ ఒక ప్రశ్న అడుగుతాను: “భయమైతే ఎవరి దగ్గరికి ఉరుకుతవు?” చాలామంది టక్కున చెప్తారు. మేనమామ, పక్కింటి అక్క, అవ్వ. తరగతికి ఒకరిద్దరు మాత్రం తల దించుకుని ఏమీ చెప్పరు. బెల్లు కొట్టాక వాళ్లను ఆపి, నా ఇల్లు ఎక్కడో చెప్పి పంపుతాను.