మా అమ్మాయి నోట్లో "ఏమో"

మా అమ్మాయి విమానం నడుపుతుంది. ఈ మాట నందిగామలో ఎవరడిగినా చెబుతాను, అడగకపోయినా చెబుతాను. గొప్పలు పోతోందని మా స్టాఫ్ రూములో అనుకుంటారని తెలుసు. అనుకోనివ్వండి. వాళ్ళ పిల్లల ర్యాంకుల గురించి నేను ఏళ్ళ తరబడి విన్నాను కదా.

నేను లెక్కల టీచర్ని. మా ఆయనది వత్సవాయి దగ్గర పత్తి సాగు. మాకు ఒక్కతే కూతురు. చిన్నప్పటి నుంచీ నోట్లో నాలుక లేని పిల్ల. చర్చిలో పాస్టరుగారి ముందైనా, బడిలో మాస్టర్ల ముందైనా "అవునండి", "కాదేమోనండి" తప్ప మాట పెగిలేది కాదు. పెద్దవాళ్ళ ముందు అలా ఉండాలని నేర్పింది నేనే. అందుకు నాకేం సిగ్గు లేదు. టీచరు కూతురు ఎదురు మాట్లాడితే ఊరుకుంటారా?

కో పైలట్‌గా తీసుకునే ముందు దానికి ఒక పరీక్ష పెట్టారు. నిజం విమానంలో కాదు, సిమ్యులేటర్లో. అంటే ఒక గదిలో అచ్చం కాక్‌పిట్ లాగే కట్టి, అద్దాల అవతల తెర మీద మబ్బులూ రన్‌వే చూపిస్తారు. ఆ రోజు పాఠం మంచులో దిగడం. బయట ఏమీ కనిపించనప్పుడు రన్‌వే దగ్గర నుంచి వచ్చే సిగ్నల్ని బట్టి దిగుతారట. అద్దాల కింద, పైలట్ ఎదురుగా ఉండే చిన్న తెర మీద కదిలే చుక్కను చూస్తే మనం దారికి పైన ఉన్నామో, కింద ఉన్నామో తెలుస్తుంది. ఫలానా ఎత్తుకి వచ్చాక కూడా రన్‌వే కనిపించకపోతే ఇక దిగకూడదు, మళ్ళీ పైకి లేపేయాలి. దాన్ని గో అరౌండ్ అంటారు. ఇద్దరు పైలట్లలో ఎవరు ఆ మాటన్నా రెండోవాళ్ళు వినాల్సిందే. పరీక్ష పెట్టిన పెద్దాయన కెప్టెన్ సీట్లో కూర్చుని, ఇది ఏం చేస్తుందో చూద్దామని, కావాలనే ఇంకా కిందకి దించుకుంటూ పోయాడు.

"నేను చెప్పానమ్మా" అంది ఇంటికొచ్చి, ముఖమంతా వాచిపోయేలా ఏడ్చి.

"ఏమని చెప్పావే?"

"సర్, బాగా కిందకి వచ్చేశామేమో సర్, అన్నా. ఆయన పలకలేదు. మళ్ళీ అన్నా. ఈలోపే తెర ఎర్రగా అయిపోయింది."

తెర ఎర్రబడితే నేలను గుద్దుకున్నట్టు లెక్క. అది అన్నది ఇంగ్లీషులోనే, కానీ ఆ ఇంగ్లీషులో కూడా మన "ఏమో" దూరింది. కెప్టెన్లు కూడా మనుషులే, తప్పు చేస్తారు, పక్క సీటు పెట్టింది అందుకే కదా అన్నాడట పెద్దాయన. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే ఉద్యోగం పోతుంది.

నాకు ఒళ్ళు మండింది. తెలిసిన జవాబు చెప్పలేక తప్పడమా! మర్నాడే మా ఆయన్ని కారు తీయమన్నాను. నందిగామ నుంచి గరికపాడు చెక్‌పోస్టు దాకా హైవే మీద ఆయన నడపాలి. అప్పుడప్పుడూ కావాలని తప్పు చేయాలి. పక్కన కూర్చున్న పిల్ల చెప్పాలి. నేను వెనక సీట్లో కూర్చున్నాను. డ్రైవింగులో తప్పులు చేయడం మా ఆయనకి కష్టమేమీ కాదు లెండి.

"నాన్నా, లారీకి బాగా దగ్గరగా వెళ్తున్నామేమో" అంది.

"ఏమో ఏంటే? దగ్గరగా ఉందా లేదా?" అన్నాను వెనక నుంచి.

"ఉంది."

"మరి ఏం చెయ్యమంటావు మీ నాన్నని?"

"కొంచెం స్లో చేస్తే బాగుంటుందేమో..."

"ఇందాకటి నుంచి వందసార్లు విన్నానే ఆ ఏమో. నువ్వలా అంటుంటే నాకే నిద్రొస్తంది తల్లీ" అన్నాడు మా ఆయన.

సెలవులన్నీ ఇదే పని. దాబాలో టీ తాగడం, తిరిగి రావడం, తిట్లు తినడం. ఒక పొద్దున జగ్గయ్యపేట దాటాక మంచు పట్టింది. ఆ రోజు ఆయన ఏ తప్పూ నటించడం లేదు. తాపీగా పత్తి ధర గురించి నాతో మాట్లాడుతున్నాడు.

"నాన్నా, బ్రేక్ వెయ్."

గొంతు పెంచలేదు. కానీ మా ఆయన కాలు ఆయన్ని అడక్కుండానే బ్రేకు మీద పడింది. పక్క రోడ్డు మీద నుంచి పత్తి తొక్కి నింపిన ట్రాక్టరు, లైటు కూడా లేకుండా, మా ముందు నుంచి అడ్డంగా పోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనెంత మొత్తుకున్నా వినని మనిషి కూతురి మాటకి ఆగిపోయాడు. నాకు భయం కంటే ముందు గర్వం వచ్చింది. ఆ తర్వాతే ఆయన్ని తిట్టాను.

రెండోసారి పరీక్షలో గట్టెక్కింది. ఇప్పుడు దాని పేరు ముందు ఫస్ట్ ఆఫీసర్ అని ఉంటుంది. కో పైలట్‌ని అలా పిలుస్తారట.

పోయిన చలికాలం అది నడిపే విమానంలో మొదటిసారి బెంగుళూరు నుంచి గన్నవరం వచ్చాను. కిందంతా తెల్లటి మంచు. దిగుతున్నాం, దిగుతున్నాం, ఇక చక్రాలు తగులుతాయనుకుంటుండగా ఇంజన్లు ఒక్కసారి హోరెత్తి విమానం పైకి లేచింది. ముందు సీటు గట్టిగా పట్టుకున్నాను. కాసేపటికి మైకులో మా అమ్మాయి గొంతు వినిపించింది. మంచు వల్ల మళ్ళీ పైకి వెళ్ళాం, ఇంకోసారి దిగుతాం అని చెప్పింది.

"ఆడపిల్లలకిస్తే ఇంతే. దించడం చేతకాలా" అన్నాడు వెనక సీటాయన.

"దించడం చేతకానిది ఇంత బరువు పైకి ఎట్టా లేపిందండీ?" అన్నాను వెనక్కి తిరిగి.

మంచు కాస్త విచ్చాక రెండోసారి సాఫీగా దిగాం. తలుపు దగ్గర కెప్టెన్ నిలబడి ఉన్నాడు, నెరిసిన జుట్టు, హిందీ మనిషి. నేనెవరో తెలుసుకుని ఇంగ్లీషులో చెప్పాడు. "మంచులో రన్‌వే దీపాలు లీలగా కనిపించేసరికి నేను వాటి వైపే చూస్తూ ఉండిపోయాను, విమానం దిగాల్సిన దారి కంటే కిందకి జారింది, నేను చూడలేదు, మీ అమ్మాయి చూసింది" అన్నాడు. అంత పెద్దమనిషి, ఏమీ దాచుకోకుండా అన్నాడు. ఆయన మీద కూడా నాకు గౌరవం కలిగింది.

సాయంత్రం అది ఫోన్ చేసింది. "నువ్వేమన్నావే?" అని అడిగాను.

"గో అరౌండ్ అన్నా. అంతే. ఆయన వెంటనే లేపేశారు."

"అమ్మ వెనక కూర్చుందని కంగారు పడలేదా?"



"నువ్వున్న సంగతే గుర్తు లేదమ్మా" అంది. "తెర మీద ఆ చుక్కనే చూస్తున్నా. సారీ."

సారీ ఎందుకే పిచ్చిదానా అన్నాను. అనేలోపే ఏడుపొచ్చేసింది. కన్నకూతురు నన్ను మర్చిపోయానంటే ఇంత సంతోషం కలుగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. అన్నం తింటున్న మా ఆయన దగ్గరికి వెళ్ళి, మీ అమ్మాయికి నేను గుర్తే రాలేదటండీ అని గర్వంగా చెప్పాను.