రత్నక్క చేసిన ఫోన్లు

వాసన రాగానే విషయం అర్థమైంది. వేడెక్కిన ప్లాస్టిక్, దాని వెనకే సన్నగా కాలిన తీగ వాసన. కడపలో మా ఇంట్లో, కిటికీ పక్క బల్ల మీద, పదేళ్లకు పైగా నాతో ఉన్న లాప్‌టాప్ గట్టిగా రొదపెట్టి, తెర నల్లబడి ఆగిపోయింది. మీటల మీద అక్షరాలు చెరిగిపోయినా నా వేళ్లకు వాటి చోటు తెలుసు. ఇతరుల కోసం పుస్తకాలు రాసిపెట్టే పనిలోకి వచ్చినప్పటి నుంచి దాన్ని మార్చాలనిపించలేదు. రాయచోటిలో ఉండే రిటైరైన నర్సు హుసేన్‌బీ చెబుతుంటే నేను రాస్తున్న ఆమె జీవితకథంతా అందులోనే ఉంది. ఇంకెక్కడా దాచలేదు. ఆ వాసనతోపాటే రత్నక్క గుర్తొచ్చింది.

రత్నక్కది డోన్‌లో స్టేషన్‌కు పోయే దారిలో పెళ్లికార్డుల దుకాణం. వ్యాపారస్తుల ఇంటి కోడలు, భర్త పోయాక తనే దుకాణం నడిపింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం ఆమె దగ్గరే, కార్డులు టైపు చేయడం. అచ్చుకు పంపే ముందు పేర్లన్నీ నాచేత పైకి చదివించేది. "వాళ్లమ్మ పిల్చినట్టు పిలువు పాపా. తప్పుంటే నీకే తెలుస్తాది" అనేది. నిజంగానే తెలిసేది.

ఒక పెళ్లిళ్ల కాలంలో దుకాణంలోని కంప్యూటర్ ఇదే వాసనతో పోయింది. అచ్చుకు సిద్ధమైన కార్డులన్నీ దాంట్లోనే ఉన్నాయి. "కరెంటు లేదని చెప్పి రేపు రమ్మందామక్కా" అన్నాను. రత్నక్క నావైపు వింతగా చూసింది. "వాళ్లు బస్సెక్కి వచ్చినంక చెప్తావా? మనకు తెల్సినప్పుడే వాళ్లకూ తెలియల్ల" అని ఫోన్ దగ్గరికి లాక్కుంది.

మొదట ప్యాపిలి రైతుకు చేసింది. "ఏమప్పా, నేను డోన్ రత్నమ్మను. నీ కూతురి కార్డు కంప్యూటర్‌తోపాటే పోయిందప్పా. మళ్లా మొదట్నుంచి చేయల్ల. తొందరుంటే కర్నూల్లో చేయించుకో, నేనేమీ అనుకోను." అవతలి తిట్లు నాదాకా వినిపించాయి. ఆమె అడ్డుపడలేదు. తప్పును మిషన్ మీదా, కరెంటు మీదా నెట్టలేదు. ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆగి, "కోపం రావాల్సిందేలే అప్పా" అంది. ఆయన కర్నూలుకే పోయాడు. మిగతావాళ్లు వివరాలు మళ్లీ ఫోన్లో చెప్పారు. పక్కనున్న జిరాక్స్ షాపులో కూర్చుని రాసుకున్నాం. మధ్యాహ్నం ఆమె క్యారియర్ విప్పి, నా చేతిలో ఒక జొన్నరొట్టె పెట్టింది. "ఇంగ దాచేదేం లేదు, తిను." పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చి, రొట్టె తుంచాను.

చివరిదాకా అంతే. జబ్బు ముదిరిందని డాక్టర్లు చెప్పిన సాయంత్రమే నాకు ఫోన్ చేసింది. "పాపా, నాకు శానా బాగలేదు. ఇంకొకరు చెప్తే బెదురుతావని నేనే చేస్తాండా." ఆ తర్వాత మా పిల్లల చదువుల గురించి అడిగింది.

ఆగిపోయిన లాప్‌టాప్ ముందు నిలబడి, రిపేరు షాపు కన్నా ముందు హుసేన్‌బీ నంబరు నొక్కాను.

"అమ్మా, లాప్‌టాప్ పోయింది. మీ కథంతా అందులోనే ఉంది. ఇంకోచోట లేదు."

"అదేందమ్మా, నా ఫోన్లో ఉండాది కదా?"

"మీ ఫోన్లోనా?"

"నాకు చూపు ఆనదని రాసిందల్లా నువ్వే చదివి పంపిస్తివి కదా. మధ్యాన్నం పడుకోని అవే వింటాంటా. ఒగటీ తీసేయలే."

భయంలో ఆ సంగతే మరిచిపోయాను. నేల మీద కూలబడి నవ్వాను, కళ్లు తుడుచుకున్నాను, మళ్లీ నవ్వాను. చివరి అధ్యాయం ఒక్కటే పంపలేదని చెప్పాను. "దానికేముంది, ఇంటికి రా. మళ్లా చెప్తా" అందామె. లాప్‌టాప్ ఇక బాగుపడదని షాపులో తేల్చి చెప్పినప్పుడు, పాత నేస్తాన్ని సాగనంపినంత బాధే కలిగింది, అంతకుమించి లేదు. ఇప్పుడు కొత్తదాని మీద, నా గొంతు నేనే వింటూ టైపు చేసుకుంటున్నాను.

ఏదైనా పాడైతే నాకు ఇప్పటికీ ముందు తోచేది సాకే. కరెంటు లేదు, ఒంట్లో బాగాలేదు, రేపిస్తాను. అయినా నంబరు నొక్కుతాను. అవతలివాళ్లు హలో అన్నాక, ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలుసు.