ఇస్త్రీ బాబాయి వేళ్ళు

మా గదిలో ఆరుగురం. అందరికంటే ముందు ఈ దేశం వచ్చినవాడు ఇస్త్రీ బాబాయి. ఇరవై మూడేళ్ళయింది. దిగిన మర్నాటి నుంచీ అదే లాండ్రీ, కిటికీ లేని అదే వెనక గది, రోజుకి రెండొందల చొక్కాలు. కాలరు ఒత్తేటప్పుడు వేలికొసలతో గుడ్డ లాగి పట్టుకోవాలి, లేకపోతే ముడత లోపలే ఉండిపోతుందంటాడు. అలా లాగీ లాగీ, కాలీ కాలీ ఆయన వేళ్ళు గులకరాళ్ళలా నున్నబడ్డాయి. వాటి మీద ఒక్క గీత లేదు.

ఇన్నాళ్ళూ గీతలతో పని పడలేదు. ఈ ఏడే, ఇక్కడ ఉండేందుకిచ్చే కార్డుకి వేలిముద్ర తప్పనిసరి చేశారు. రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ మిషను ఎర్రదీపం చూపింది. మూడోసారీ అంతే అయితే నెల తిరక్కుండా దేశం విడిచిపెట్టాలి.

పోతే ఎక్కడికి? ఊళ్ళో భార్య ఉంది, కూతురుంది. ఇక చాలు, వచ్చెయ్యండని ఆవిడ ఫోనులో అంటూనే ఉంటుంది. ఈయన ఊఁ కొడతాడు. పోయినసారి సెలవుకి వెళ్ళినప్పుడు మంచినీళ్ళ బిందె ఎక్కడుందో తెలియక, అడగడానికి మొహం చెల్లక, సొంతింట్లో దాహంతోనే కూర్చున్నాడట. "ఈ తాతయ్య ఎప్పుడెళ్తాడమ్మా?" అని మనవరాలు తల్లిని అడిగిందట. నవ్వుతూనే మొదలుపెట్టాడు ఈ మాట నాతో. నవ్వు చివరిదాకా రాలేదు.

గదిలో తలా ఒక వైద్యం చెప్పారు. పది రోజులు ఇస్త్రీపెట్టె ముట్టొద్దన్నారు. సెలవు పెట్టి, వేళ్ళకి నూనె రాసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"గోరింటాకు పెట్టుకున్న పెళ్ళికూతురిలా ఉన్నావు బాబాయ్" అని మా గదిలోనే ఉండే డ్రైవరు ఆటపట్టించాడు.

"ఎర్రగా పండకపోతే అదే చాల్రా" అన్నాడు బాబాయి.

ఎనిమిదో రోజుకే కార్డు ఆఫీసు నుంచి కబురొచ్చింది. తోడు నేను వెళ్ళాను. ఆఫీసరు మంచివాడే. ఒక్కొక్క వేలూ తుడిపించి పెట్టించాడు. పదో వేలికీ ఎరుపే. నువ్వు నువ్వేనని చెప్పే ఈ దేశస్థులెవరైనా ఉన్నారా అని అడిగాడు. లాండ్రీ యజమాని పేరు చెబితే, జీతమిచ్చేవాడి సాక్ష్యం చెల్లదన్నాడు.

బాబాయికి ఇంకో పేరు తట్టలేదు. సగం ఊరి చొక్కాలు ఆయన చేతిమీదుగా పోతాయి. ఎవరికి పొట్టొచ్చిందో, ఎవరు చిక్కిపోయారో, ఎవరి జేబులో ఇంకు కారుతుందో చెప్పగలడు. మొహాలే తెలియవు. ముందు గదిలోకి రావలసిన పని ఆయనకెప్పుడూ పడలేదు.

బాబాయి ఆఫీసరు తొడుక్కున్న చొక్కా వంక చూశాడు. మెల్లిగా అన్నాడు.

"సార్, మీ ఎడంచేతి పట్టీ లోపల చిన్న కుట్టు ఉంటుంది. నీలం దారం. ఆవేళ తెల్లదారం అయిపోయింది. నేనే కుట్టాను."

ఆఫీసరు మణికట్టు దగ్గర మడత తిప్పి చూసుకున్నాడు. నీలం దారం ఉంది. దాని మీద బొటనవేలు ఆడించాడు.

"నాకు తెలియనే తెలియదు" అన్నాడు.

"తెలియకూడదనే కదండీ కుట్టింది."

ఆఫీసరు కాగితం అటూ ఇటూ తిప్పాడు. దీన్ని రాయడానికి ఇందులో చోటు లేదని, తలెత్తకుండానే చెప్పి, వెనకవాళ్ళని పిలిచాడు.

తిరిగొస్తూ బాబాయి గదికి రాలేదు. తిన్నగా లాండ్రీ వెనక గదికి వెళ్ళి ఇస్త్రీపెట్టె స్విచ్చి వేశాడు. సెలవు ఇంకా రెండు రోజులుంది కదా, వేళ్ళు మళ్ళీ కాలతాయని అన్నాను.

"ఇంక వీటిని ఎవరికి చూపించాల్రా" అన్నాడు. ఒక కాలరు తీసి, వేలికొసలతో లాగి పట్టుకున్నాడు.