కిటికీ వెలుగులో నా చెయ్యి

ఆదోనిలో, పత్తి నుంచి గింజ వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో రెండేళ్లు పనిచేశాను. గింజ పత్తిని దోసిళ్లతో యంత్రానికి అందించడం నా పని. పంతొమ్మిదో ఏట ఒక మధ్యాహ్నం నా కుడిచెయ్యి రోలర్ల మధ్యకి పోయింది. యంత్రం ఆపేలోగా చిటికెనవేలు, ఉంగరంవేలు తెగిపోయాయి. మణికట్టు మెలితిరిగింది.

గాయం మానడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పుడు మిల్లు తరఫు డాక్టరు నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, రెండు వేళ్లు పోయాయి, మిగతా చెయ్యి పనికొస్తుంది అని కాగితం రాసిచ్చాడు. నాకు రావలసిన పరిహారాన్ని ఆ రెండు వేళ్లకే లెక్కగట్టి, మళ్లీ పనిలోకి రమ్మన్నారు. వెళ్లాను. పత్తి గంప ఎత్తబోతే పట్టు నిలవక జారిపోయింది. మర్నాడూ అంతే. మూడోరోజు మేస్త్రీ తల దించుకుని, "ఇంటికి పోమ్మా" అన్నాడు.

మా ఇల్లు పెద్దకడుబూరులో. నాన్న లేడు. అమ్మ శనక్కాయ చేలల్లో కూలికి పోయేది. పొద్దున్నే నాకు జడ వేసి, చీర కుచ్చిళ్లు దోపి, రొట్టెలు చేసిపెట్టి మరీ పోయేది. నేను జొన్న పిండి పిసకలేను, చేదతో నీళ్లు తోడలేను. చూడబోతే మిగతా చెయ్యి బాగానే ఉంది. "ఇంకా మూడు వేళ్లుండాయి కదా, ఇంకేం కావల్ల?" అనేవాళ్లు వీధిలోవాళ్లు. వినగా వినగా నేనే ఒళ్లు వంగని దాన్నేమో అని నాకూ అనుమానం పట్టుకుంది.

అమ్మకి మాత్రం అనుమానం లేదు. ఒకరోజు కూలి మానుకుని నన్ను ఆదోనికి తీసుకుపోయింది. తాలూకా కచేరీ ముందు అర్జీలు రాసే ఒక సాయిబు తాత ఉండేవాడు. అంతా విని కలం పక్కన పెట్టాడు.

"పై ఆఫీసరుకు అప్పీలు పెట్టుకోవచ్చు బేటీ. అయితే నొప్పి అని రాస్తే ఎవురూ నమ్మరు. నొప్పి కాగితంలో కనపడదు. లోపల ఏముందో ఫోటో తీపిచ్చుకోని రా."

"లోపల ఫోటో యాడ తీస్తారప్పా?" అంది అమ్మ.

"బళ్లారిలో, పెద్దాసుపత్రిలో."

ఆదోని బళ్లారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చిన కొత్త అది. జిల్లా మారినా పెద్ద జబ్బు చేస్తే జనం కాళ్లు బళ్లారికే పోయేవి. గుంతకల్లులో బండి మారి మేమూ పోయాం.

చీకటి గదిలో చల్లని పలక మీద చెయ్యి పెట్టించారు. ఏదో బుర్రుమంది, అంతే. నొప్పి లేదు, వెలుగు లేదు. తర్వాత ఒక డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. నల్లటి ఫిలింని కిటికీ అద్దానికి ఆనించి, "నోడమ్మా, ఇది నీ చెయ్యి" అంది కన్నడం కలిసిన తెలుగులో.

నేను చూశాను. చర్మం లేదు, మాంసం లేదు. చీకట్లో తెల్లగా, సన్నగా, ఒకదాని చివర ఒకటి పేర్చినట్టు ఎముకలు. మణికట్టు దగ్గర చిన్న చిన్న గులకరాళ్లను కలిపి అమర్చినట్టుంది. ఒక్క చేతిలో ఇరవై ఏడు ఎముకలుంటాయని డాక్టరమ్మ చెప్పింది. పుట్టిన నాటి నుంచి ఇన్నింటినీ మోస్తూ, వీటితోనే తిని, వీటితోనే పత్తి ఎత్తి, ఒక్కనాడూ వీటిని ఎరగను. యేసు ప్రభువు ముందు మోకరించినప్పుడు కూడా అంత మౌనం నాలోకి రాలేదు.

అమ్మ ఫిలిం మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది.

"ఇవన్నీ నా కడుపులోనే అయినాయా తల్లీ? ఇంత సన్నంగా పేర్చింది ఎవురు? నేను ఆ తొమ్మిది నెల్లూ కలుపు తీస్తాంటి."

డాక్టరమ్మ నవ్వలేదు. కాసేపు తనూ ఫిలిం వైపే చూసింది. తర్వాత బొటనవేలి మొదట్లో, శనక్కాయ గింజంత ఎముకని చూపింది. అది పడవ ఆకారంలో ఉంటుందట. నా చేతిలో ఆ పడవ రెండు ముక్కలైంది, మధ్యన వెంట్రుకంత నల్ల గీత. అతుక్కోలేదు, ఇక అతకదు. "పట్టు నిలవకపోయేది దీనివల్లే. నీ తప్పేం లేదు" అంది.

నీ తప్పేం లేదు అన్న మాట విని నేను గట్టిగా ఏడ్చాను.

అప్పీలు మీద నా ఎడమచేత్తో సంతకం పెట్టాను. ఎమ్మిగనూరు మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివిన నా అక్షరాలు ఆ కాగితం మీద కోడి గీతల్లా పడ్డాయి. మూడు నెలల తర్వాత ఆఫీసరు ఆదోని బంగళాకి విచారణకి వచ్చాడు. మిల్లు వకీలు చట్టం పుస్తకం తెరిచి, "వేళ్లు పోతే ఇంత అని ఇందులో ఉంది. విరిగిన ఎముక మాట ఇందులో లేదు" అన్నాడు.

ఆఫీసరు డాక్టరమ్మ రాసిచ్చిన ఉత్తరం చదివి, ఫిలింని కిటికీకి ఎత్తిపట్టాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మ గబగబా ముందుకొచ్చింది.

"అట్ల కాదు సామీ, తలకిందులు పట్టుకున్యారు."

వకీలు కసిరాడు. "వేలిముద్ర వేసేదానికి ఎక్స్‌రే ఏం తెలుసు?"

ఆఫీసరు ఫిలింని తిప్పి, "ఎక్కడమ్మా?" అని అడిగాడు.

జీవితంలో ఒక్క అక్షరం చదవని మా అమ్మ ఆ ఫిలిం చదివింది. "ఇది బొటనేలు. దీని మొదుట్లో పడవ మాదిరి ఎముక. ఇదో, ఇరిగింది ఈడ. ఇది ఇరిగితే మిగిలిన వేళ్లు ఉన్యా లేనట్లే. గంప యెట్ల పట్టుకుంటాది?" వకీలు కూడా కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికొచ్చి చూశాడు. నేను ఆ నల్లటి ఫిలింని వదిలేసి అమ్మనే చూస్తూ ఉండిపోయాను.

ఉత్తర్వు నెల తర్వాత వచ్చింది. ఈ చెయ్యి ఇక మిల్లు పనికి పనికిరాదని అందులో రాశారు. పరిహారం పెంచారు. దాని ఆసరాతో నేను ఎమ్మిగనూరులో ఉండి, ఎడమచేత్తో రాయడం సాధించి, ఎనిమిదో తరగతి పెద్ద పరీక్షకి కూర్చుని పాసయ్యాను. తర్వాత మిషను బడిలోనే చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించే పని దొరికింది.

అమ్మ కూలి మానలేదు. ఆ ఏడు శనక్కాయ పీకేటప్పుడు సెలవుకి ఇంటికొచ్చి చేలోకి అన్నం తీసుకుపోయాను. ఆడవాళ్లంతా తీగలు ఒళ్లో వేసుకుని కాయలు తెంపుతున్నారు. అమ్మ మధ్యలో కూర్చుని బళ్లారి కిటికీలో చూసింది చెబుతోంది. "ఒక్కొక్క సేతిలో ఇరవై ఏడంట. మనం తెంపే ప్రెతి కాయకీ అవన్నీ కదుల్తాండాయి." అందరూ తెంపడం ఆపేశారు. మట్టి చేతుల్ని ఎండకి పట్టుకుని, వేళ్లు మెల్లగా ముడుస్తూ, విప్పుతూ చూసుకున్నారు.